నాగిన్ పూసలు పెట్టినా కోడిపిల్ల వేళ్లు మామూలుగానే విడిపోతున్నాయి, ప్రొటీన్ చచ్చిపోయిందా?

పొదుగుపెట్టె · సోమవారం, రాత్రి 11:40

అందరికీ నమస్కారం. గుంటూరు పక్కన పీహెచ్‌డీ చేస్తున్నాను, మూడో ఏడు. పని కోడి పిండాల మీద. కాలి వేళ్ల మధ్య ఉండే పలచటి పొర ఏడో ఎనిమిదో రోజున ఎందుకు చచ్చిపోతుంది, చావకుండా ఆపితే వేలు ఏమవుతుంది అన్నది నా గొడవ. ఆ కణాలను చావమని చెప్పేది బీఎంపీ సిగ్నల్ (బోన్ మార్ఫోజెనెటిక్ ప్రొటీన్, ఎముకను పెంచే ప్రొటీన్ అని పేరు). అందుకని బీఎంపీని పట్టుకుని కదలకుండా కట్టేసే నాగిన్ అనే ప్రొటీన్ తెప్పించాం. మనిషి జన్యువును ఈ.కోలై బ్యాక్టీరియాలో పెట్టి తయారు చేసిన సరుకు, 25 మైక్రోగ్రాములు. బుల్లి సీసా, అడుగున ఏముందో కంటికి కూడా కనపడదు, ఖరీదేమో నా నెల ఫెలోషిప్‌లో సగం పైనే. (ఇండెంట్ చూసిన స్టోర్స్ గుమాస్తాగారు "నాగిన్ అంటే పాము విషమా అమ్మా, దానికి ఫారెస్టు వాళ్ల పర్మిషన్ ఉండాలేమో" అని రెండు రోజులు ఫైలు పక్కన పెట్టేశారు. అది వేరే కథ.)

నీలం రంగు అగరోజ్ పూసలు ఉంటాయి కదా, అఫీజెల్ బ్లూ, వాటిని నాగిన్‌లో గంటసేపు నానబెట్టి, గుడ్డుకు కిటికీ కోసి, కుడి కాలి మూడో వేలికీ నాలుగో వేలికీ మధ్య ఒక్కో పూస దూర్చాను. తొమ్మిది గుడ్లు. ఆరు బతికాయి. ఆరింటిలోనూ వేళ్లు శుభ్రంగా విడిపోయాయి, కుడి కాలికీ ఎడమ కాలికీ ఇసుమంత తేడా లేదు.

పార్సిల్ వచ్చింది మే రెండో వారంలో. జెల్ ప్యాకులు నీళ్లయిపోయి అట్టపెట్టె మెత్తబడి ఉంది. ప్రొటీన్ దారిలోనే పోయిందని నా అనుమానం. ఇంకో సీసా మాట మా గైడ్ దగ్గర ఎత్తే ధైర్యం లేదు. ఏం చేయమంటారు?

అరండల్‌పేట_14

మేలో పెట్టె తెరిచేసరికి నీళ్లయితే ఇంకేం మిగులుతుంది తల్లీ. ఫొటోలు తీసి ఉంటే పంపినవాళ్లకు మెయిల్ కొట్టండి, మార్చి ఇస్తారు.

మిర్చియార్డ్_2

తొందరపడకండి. పదేళ్లు హైదరాబాద్‌లో ప్రొటీన్ శుద్ధి చేసే పనిలోనే ఉన్నాను, ఇప్పుడు ఊళ్లో ఉంటున్నాను. ముందు ఇది చెప్పండి, పొడిగా వచ్చిందా, ద్రవంగా వచ్చిందా? ఫ్రీజ్‌డ్రై చేసిన పొడి అయితే కొరియర్ కుర్రాణ్ణి తిట్టొద్దు. తేమ తగలనంతవరకు అది కొన్ని రోజులు మామూలు వేడిలో ఉన్నా తట్టుకుంటుంది, చాలామంది తయారీదార్లు ఐసు లేకుండానే పంపుతారు. అసలు కష్టాలన్నీ నీళ్లు కలిపిన తర్వాతే మొదలు.

దేంట్లో కరిగించారు, ఎంతలో, ఎక్కడ పెట్టారు, ఎన్నిసార్లు బయటికి తీశారు, పూసలు నానబెట్టింది ఎంత గాఢతలో? అన్నీ రాయండి, సిగ్గుపడకుండా. డాక్టరు దగ్గరా ప్రొటీన్ వాడి దగ్గరా దాచకూడదు.

పొదుగుపెట్టె

పొడే సర్. తెరిచే ముందు ఒక నిమిషం సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాను. 250 మైక్రోలీటర్ల పీబీఎస్‌లో (ఉప్పు బఫర్) కరిగించాను, 0.1 శాతం బీఎస్ఏ (ఆవు రక్తపు ఆల్బుమిన్) కలిపి. అంటే స్టాక్ మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాములు. వోర్టెక్స్ చేయలేదు, పిపెట్‌తో మెల్లగా పైకీ కిందకీ అన్నాను. పది గొట్టాల్లో పంచి పెట్టాను, ఒక్కటే వాడాను. మైనస్ 80 ఫ్రీజర్ మా దగ్గర లేదు, డిపార్ట్‌మెంట్ డబుల్ డోర్ ఫ్రిజ్ పై అరలో ఉన్నాయి. పూసలు నానబెట్టింది మిల్లీలీటరుకు 100 నానోగ్రాముల్లో. సీసాతో వచ్చిన కాగితంలో కణాల కల్చర్‌కి అదే ఇచ్చారు.

కొలకలూరు_బాతు

మధ్యలో వచ్చినందుకు ఏమనుకోకండి, నాది బీకాం. మా నాన్న బాతులు మేపుతారు, కోతలయ్యాక తెనాలి చుట్టుపక్కల చేలల్లో మందను తోలుకుపోతారు. వేళ్ల మధ్య పొర చావడం అన్నారు కదా, మరి బాతుకి ఎందుకు చావదు? దానికి బీఎంపీ ఉండదా?

బందరు_లాకులు

ఈ అబ్బాయి అడిగిన ప్రశ్న చాలామంది ఎమ్మెస్సీ పిల్లలు అడగరు. ముప్పై ఏళ్లు జువాలజీ చెప్పి రిటైరయ్యాను, కొంచెం విస్తరంగా రాస్తాను, ఓపిక లేనివాళ్లు దాటేయండి.

బాతుకీ బీఎంపీ ఉంది నాయనా, వేళ్ల మధ్యనే ఉంది. కానీ దాని పొరలో గ్రెమ్లిన్ అనే ఇంకో ప్రొటీన్ కూడా ఉంటుంది. అది బీఎంపీని పట్టుకుని నోరు నొక్కేస్తుంది, చావమన్న మాట కణాలకు వినపడదు, పొర మిగిలిపోతుంది. కోడికి ఆ చోట గ్రెమ్లిన్ ఉండదు కనుక వేళ్లు విడిపోతాయి. 1996లోనే కోడి కాలిలో బీఎంపీ మాట వినే రిసెప్టర్‌ను చెడగొట్టి చూశారు, కోడికి బాతు కాలు లాంటిది వచ్చింది. మన అమ్మాయి చేయబోయింది అదే, వేరే దారిలో.

నాగిన్ కూడా గ్రెమ్లిన్ లాంటిదే, నోరు నొక్కే జాతి. దాని వెనక పెద్ద కథ ఉంది. 1924లో జర్మనీలో స్పీమన్, ఆయన విద్యార్థిని హిల్డా మాంగోల్డ్ ఒక సాలమాండర్ తొలినాటి పిండంలో కణాలు లోపలికి మడతపడే రంధ్రం ఉంటుంది, దాని పైఅంచు (పైపెదవి అంటారు) ముక్క తీసి ఇంకో పిండం పొట్టవైపు అతికిస్తే, అక్కడ రెండో వెన్ను, రెండో తల మొలిచాయి. ఆ ముక్కకు ఆర్గనైజర్ అని పేరు పెట్టారు. ఆయనకు 1935లో నోబెల్ వచ్చింది, ఆ అమ్మాయి మాత్రం పేపరు అచ్చయిన ఏడాదే ఇంట్లో హీటర్ పేలి పోయింది. ఆ ముక్క ఏం పంపుతోందో తెలియక అరవై ఏళ్ల పైన వెతికారు. 1992లో బర్క్‌లీలో స్మిత్, హార్లాండ్ కప్ప పిండాల్లో ఒకటి పట్టుకున్నారు. అతినీలలోహిత కాంతి కొట్టి వెన్నూ తలా లేకుండా పొట్టముద్దలా మిగిల్చిన పిండాలకు దాని ఆర్ఎన్ఏ ఎక్కిస్తే వెన్ను తిరిగి వచ్చింది, డోసు ఎక్కువైతే ఒళ్లంతా తలకాయే అయింది. ఇంగ్లీషు వాడుకలో బుర్రను నాగిన్ అంటారు, అదే పేరు పెట్టేశారు. పాముతో సంబంధం లేదని మీ గుమాస్తాగారికి చెప్పమ్మా.

విచిత్రమేమిటంటే అరవై ఏళ్లుగా అందరూ 'తల చెయ్యి' అని ఆజ్ఞాపించే పదార్థం కోసం వెతికారు. తీరా చూస్తే నాగిన్ ఏ ఆజ్ఞా ఇవ్వదు. 'పొట్టవైపు చర్మం అవ్వు' అంటున్న బీఎంపీ-4 నోరు మూస్తుంది, అంతే. 1996లో అది తేలింది. నోరు మూస్తే ఆ కణాలు వాటంతట అవే నాడీకణాలవుతాయి. మా రోజుల్లో పుస్తకాల్లో ఇది తలకిందులుగా ఉండేది, నేనే తప్పు చెప్పాను కొన్ని బ్యాచిలకి.

కొలకలూరు_బాతు

మాస్టారూ, దండం. నాన్నకు చదివి వినిపించాను. 'ఇంతకీ బాతుకి అదనంగా ఉందా, కోడికి తక్కువగా ఉందా' అన్నారు.

ఆర్గనాయిడ్_అక్క

పొదుగుపెట్టె చెల్లీ, నీ పోస్టులో చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను. 100 నానోగ్రాములా??

నేను బెజవాడ పిల్లనే, బెంగళూరులో పేగు ఆర్గనాయిడ్లు పెంచుతాను. 2009లో క్లీవర్స్ ల్యాబ్ వాళ్లు ఎలుక పేగు మూలకణం నుంచి డిష్‌లో బుల్లి పేగు పెంచారు కదా, దానికి మూడు ప్రొటీన్లు కావాలి, ఈజీఎఫ్, ఆర్-స్పాండిన్, నాగిన్. ఆ నాగిన్ మిల్లీలీటరుకు 100 నానోగ్రాములు. అదే ఏడాది మనిషి మూలకణాలను నాడీకణాలుగా మార్చే పద్ధతి వచ్చింది, అందులో 500. ఇవన్నీ కణాలు రోజంతా మునిగి ఉండే మీడియం సంగతి. నీ పూస అలా కాదు. అది ఒక నానోలీటరో రెండో పట్టే చుక్క, అందులోకి ఎంత ప్రొటీన్ ఎక్కితే అంతే సామాను, దాంతోనే రెండు రోజులు చుట్టుపక్కల పొరకంతా పంచాలి. అందుకే పూసల పనికి మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము దాకా వాడతారు. నువ్వు పెట్టింది దానిలో పదివేలో వంతు. పెళ్లి పందిట్లో బిందెడు పాయసానికి ఒక్క పలుకు పంచదార వేసి తియ్యగా లేదంటే పంచదార కంపెనీది తప్పా?

నీ ప్రొటీన్ బతికే ఉండొచ్చు. తొమ్మిది గుడ్లకూ నువ్వు దాన్ని చూపించనే లేదు.

పొదుగుపెట్టె

అక్కా... ఇప్పుడు క్యాంటీన్‌లో కూర్చుని చదివాను, టీ చల్లారిపోయింది. సిగ్గుగా ఉంది. కాగితంలో ఉన్న అంకె కల్చర్‌కని తెలుసు, కానీ ఎవరూ ఇంకో అంకె చెప్పలేదు, అదే వేసేశాను.

అయితే స్టాక్‌నే నేరుగా వాడనా? 100 మైక్రోగ్రాములు, అంటే ముందుదానికి వెయ్యి రెట్లు. మిల్లీగ్రాము దాకా వెళ్లాలంటే కొత్త సీసాను 25 మైక్రోలీటర్లలోనే కరిగించాలి, అది కుదరని పని.

మిర్చియార్డ్_2

అక్కడే ఇంకో గొయ్యి ఉంది, పడకముందే చెప్తాను. మీ పూసలు నీలంగా ఎందుకుంటాయో చూశారా? వాటికి సిబాక్రాన్ బ్లూ అనే రంగు అంటించి ఉంటుంది. ఆ రంగుకి ఆల్బుమిన్ అంటే ప్రాణం. మా ఫ్యాక్టరీలో రక్తపు సీరం నుంచి ఆల్బుమిన్ తీసేయడానికి కాలమ్ నింపేది ఆ జాతి పూసలతోనే! ఇప్పుడు మీ లెక్క చూడండి. 0.1 శాతం బీఎస్ఏ అంటే మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము ఆల్బుమిన్. మీరు నానబెట్టిన నీళ్లలో నాగిన్ 100 నానోగ్రాములు. బరువు లెక్కన పదివేల మంది ఆల్బుమిన్లు నిలబడి ఉన్న రేషన్ క్యూలో ఒక్క నాగిన్. దాని వంతు ఎప్పటికి వస్తుంది?

బందరు_లాకులు

మిర్చియార్డ్ గారూ, ఇక్కడ ఒప్పుకోను. బీఎస్ఏ కలిపిన ద్రావణంలోనే నీలం పూసలు నానబెట్టిన ల్యాబులు బోలెడు. కంట్రోల్‌గా బీఎస్ఏ పూసలే పెడతారు. అవి పనిచేశాయి కదా.

మిర్చియార్డ్_2

పనిచేస్తాయి మాస్టారూ, వాళ్ల దగ్గర నాగిన్ కూడా మిల్లీగ్రాము దగ్గర ఉంటే. ఇద్దరూ సమానంగా తోసుకుంటే ఇతనికీ చోటు దొరుకుతుంది. నేను చెప్పేది ఈ అమ్మాయి సీసా గురించి. ఇక్కడ స్టాక్ వాడినా ఒకటికి పది ఆల్బుమినే ఎక్కువ. అలాగని బీఎస్ఏ కలపడం తప్పు అనను. నాగిన్ లాంటివి పలచగా ఉన్నప్పుడు ప్లాస్టిక్ గొట్టం గోడలకే అతుక్కుని మాయమైపోతాయి, అలా కాకుండా గోడలను ముందే కప్పేసే పని బీఎస్ఏది. ఇటు చూస్తే మేలు, అటు చూస్తే అడ్డం.

ఉపాయం ఏమిటంటే పూస మార్చండి, ప్రొటీన్ కాదు. నాగిన్‌లో ధనావేశం ఉన్న ముక్క ఒకటుంది, అది రుణావేశం ఉన్న హెపారిన్ అనే చక్కెర గొలుసుని గట్టిగా పట్టుకుంటుంది, ఒంట్లో కూడా కణాల పైన ఉండే హెపరాన్ సల్ఫేట్‌కి అతుక్కునే ఉంటుంది. ఆల్బుమిన్ హెపారిన్‌ని పెద్దగా పట్టించుకోదు. హెపారిన్ అంటించిన అక్రిలిక్ పూసలు దొరుకుతాయి, ఎఫ్‌జీఎఫ్ అనే ఇంకో సిగ్నల్ ప్రొటీన్ మీద పని చేసేవాళ్ల దగ్గర ఉంటాయి. ఆ పూసలు మీ స్టాక్‌లో వేయండి, క్యూ లేకుండా లోపలికి వెళ్తుంది.

ఇంకొకటి. ఆ డబుల్ డోర్ ఫ్రిజ్‌లోంచి ఈ రోజే తీసేయండి. ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్ అంటే మంచు కట్టకుండా రోజుకు కొన్నిసార్లు తనంతట తను వేడెక్కుతుంది. పది గొట్టాలుగా పంచి ఏం లాభం, అది రోజూ కొంచెం కరిగించి మళ్లీ గడ్డ కట్టిస్తుంటే. పక్క డిపార్ట్‌మెంట్‌లో మైనస్ 80 ఎవరిదన్నా ఉంటే బతిమాలుకోండి.

అరండల్‌పేట_14

మా అమ్మకు మోకాళ్లు అరిగాయన్నారు. ఎముకలకు సంబంధించిన ప్రొటీన్ అంటున్నారు కదా, ఇది ఇంజెక్షన్‌గా దొరుకుతుందా?

బ్రాడీపేట_ఎముకలు

దొరకదు, వెతక్కండి కూడా. ఇది పరిశోధనకు మాత్రమే, సీసా మీదే రాసి ఉంటుంది. పైగా నాగిన్ ఎముక పెరగడాన్ని ఆపే పక్షం. అమ్మగారిని ఆర్థో ఓపీకి తీసుకురండి.

నేను ఆర్థో చేశాను, ఈ థ్రెడ్‌లో పేరు చూసి ఆగాను. మాకు ఈ జన్యువు పరిచయం వేరే వైపు నుంచి. మనిషిలో నాగిన్‌ను తయారు చేసే నాగ్ జన్యువు 17వ క్రోమోజోమ్ మీద ఉంది. రెండు కాపీల్లో ఒకటి చెడితే చాలు, కొన్ని కుటుంబాల్లో వేళ్ల మధ్య కీలు ఏర్పడదు, రెండు కణుపులు కలిసి ఒకే ఎముకైపోతుంది. సింఫలాంజిజం అంటారు, 1999లో జన్యువు బయటపడింది. అలాంటి చెయ్యి పరీక్షించాను ఒకసారి. పిడికిలి బిగించమంటే వేళ్లు వేళ్ల మొదట్లో మాత్రమే వంగాయి, మధ్య కీలు మీద చర్మానికి ముడతలే లేవు, నున్నగా ఉంది. కీలు ఎప్పుడూ వంగకపోతే ముడత ఎక్కడిది. ఆయన కాఫీ గ్లాసు రెండు అరచేతుల మధ్య పట్టుకుని తాగారు. కొందరికి చెవి లోపలి బుల్లి ఎముకలు కూడా అతుక్కుని వినికిడి తగ్గుతుంది.

కీలు రావాలంటే ఆ గీత దగ్గర ఎవరో బీఎంపీని ఆపాలి. ఆపేవాడు సగమే ఉంటే ఎముక గీత దాటి వచ్చేస్తుంది. పూర్తిగా నాగిన్ లేని ఎలుకలకైతే కీళ్లే రాలేదు, పుట్టే సమయానికే పోయాయి.

ఆర్గనాయిడ్_అక్క

డాక్టరుగారి పోస్టు చదివి నా వేళ్లు వంచి చూసుకున్నాను.

చెల్లీ, గుడ్లు వృథా చేసే ముందు ప్రొటీన్ బతికుందో లేదో తేల్చుకో. కంపెనీల పద్ధతి ఏటీడీసీ5 అనే ఎలుక మృదులాస్థి కణాల మీద, అవి దొరక్కపోతే సీ2సీ12 కండరకణాలు చాలు, ఏదో ఒక ల్యాబులో ఉంటాయి. బీఎంపీ-4 వేస్తే అవి కండరం సంగతి మర్చిపోయి ఎముక కణాల వేషం కడతాయి, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎంజైమ్ వస్తుంది. మూడు రోజుల తర్వాత స్టెయిన్ వేస్తే బావులు ఊదారంగు. పక్క బావుల్లో బీఎంపీ-4తో పాటు నీ నాగిన్ రకరకాల మోతాదుల్లో. రంగు రాకపోతే నాగిన్ బతికినట్టు. ఇక్కడ మాత్రం నానోగ్రాముల్లోనే వెయ్యి, ఇది మీడియం కాబట్టి :)

ఎవరైనా నాగిన్ బదులు ఎల్‌డీఎన్-193189 అనే రసాయనం వాడమంటారు, చవక, నేనూ నాడీకణాలకు వాడతాను. కానీ అది బయట బీఎంపీని పట్టుకోదు, కణం లోపల రిసెప్టర్ కైనేజ్‌ను (ఆ సిగ్నల్‌ను లోపలికి అందించే ఎంజైమ్) ఆపుతుంది, వేరే కైనేజ్‌లకూ తగులుతుంది. చిన్న అణువు కాబట్టి పూసలోంచి ఎంత దూరం పాకుతుందో కూడా చెప్పలేం. నీ ప్రశ్నకు నాగినే సరి.

బందరు_లాకులు

ఒక మాట వయసు గురించి. రోజులు లెక్కపెట్టి పూస పెట్టకమ్మా, హాంబర్గర్-హామిల్టన్ దశ చూసి పెట్టు. కోడి పిండం ఎదుగుదలకు 1951 నాటి పట్టిక, 46 దశలు, ఇప్పటికీ అదే దిక్కు. ఒక రోజు ముందు పెడితే వేలికి ఎన్ని కణుపులో మారుతుంది, ఒక రోజు ఆలస్యమైతే పొర చావు ఆగుతుంది, ఇంకా ఆలస్యమైతే ఏమీ కాదు. 2000లో డాన్, ఫాలన్ చేసిన ప్రయోగం చూడు, వేలు ఏ వేలు కావాలో దాని వెనక ఉన్న పొర చెబుతుందని నాగిన్ పూసలతోనే చూపించారు.

ఇంకా, మీ ఇంక్యుబేటర్ వేడి చేయడమే తప్ప చల్లబరచదు. మేలో గది 42 దాటితే 38లో నిలబడదు. ఏసీ గదిలో పెట్టారా? మా కాలేజీలో ఒక వేసవి రెండు ట్రేలు ఉడికిన గుడ్లయ్యాయి.

పొదుగుపెట్టె

ఏసీ గదే మాస్టారూ, కానీ రాత్రి ఎనిమిదింటికి సెక్యూరిటీ అతను కట్టేసి వెళ్తాడు. ఇప్పుడు వెలిగింది, చచ్చిన మూడు గుడ్లూ ఒకే ట్రేలోవి.

పొదుగుపెట్టె · మూడు వారాల తర్వాత

అప్‌డేట్. ఆలస్యానికి క్షమించండి.

వడ్లమూడి వైపు ఫ్రెండ్ దగ్గర సీ2సీ12 ఉన్నాయి. బీఎంపీ-4 ఒక్కటే ఉన్న బావులు వంకాయ రంగు, నా నాగిన్ పడ్డ బావులు మోతాదు పెరిగేకొద్దీ తెల్లబడ్డాయి. ప్రొటీన్ బతికే ఉంది! కొరియర్ అబ్బాయికి మనసులోనే సారీ చెప్పాను.

హెపారిన్ పూసలు హైదరాబాద్ నుంచి ఒకరు చిన్న గొట్టంలో పంపారు, ఒక ముప్పై ఉంటాయి. పారాఫిల్మ్ మీద ఐదు మైక్రోలీటర్ల చుక్క, అందులో పది పూసలు. మొదటిసారి ఫ్యాన్ కింద పెట్టి టీకి వెళ్లొచ్చేసరికి చుక్క ఆరిపోయి తెల్లటి మచ్చ మిగిలింది, గుంటూరు ఎండ తెలిసీ చేసిన తెలివితక్కువ పని. రెండోసారి తడి టిష్యూ పెట్టిన డబ్బాలో మూత బిగించి, ఫ్యాన్ కట్టేసి, చెమటలు కక్కుతూ గంట కూర్చున్నాను. హెపారిన్ పూస నీలంగా ఉండదు కదా, గుడ్డులో పెట్టాక ఎక్కడుందో వెతుక్కోవడం నరకం, లైటు పక్కనుంచి పెడితే గాజుపొడిలా మెరుస్తుంది.

పది గుడ్లు పెట్టాను, ఏడు బతికాయి. నాలుగింటికి కుడి కాలిలో మూడు నాలుగు వేళ్ల మధ్య పొర అలాగే ఉంది, ఎడమ కాలికి లేదు. న్యూట్రల్ రెడ్ అనే రంగు వేస్తే ఎడమ వైపు చచ్చిన కణాల ఎర్రచుక్కలు ఆవగింజల్లా ఉన్నాయి, కుడివైపు పూస చుట్టూ ఖాళీ. రెండింటికి ఏమీ కాలేదు, అవి దశ దాటాక పెట్టినవే అనుకుంటున్నాను. ఏడోది వింత. దానికి ముందుగా పెట్టేశాను, పదో రోజున ఆల్షియన్ బ్లూ (మృదులాస్థికి పట్టే రంగు) వేసి చూస్తే మూడో వేలికి నాలుగు కణుపులు ఉండాల్సింది మూడే ఉన్నాయి. నాలుగుసార్లు లెక్కపెట్టాను. మా గైడ్ మైక్రోస్కోప్ దగ్గర నుంచి లేవకుండా 'సీసాలో ఇంకెంత ఉంది' అన్నారు.

మిర్చియార్డ్_2

ఒక్కటి చూసి పేపరు రాయకండి, ఇంకో ఐదు రావాలి. కానీ బాగుంది. గొట్టాలు మైనస్ 80లోకి మార్చారా?

పొదుగుపెట్టె

మార్చాను సర్, బయోకెమిస్ట్రీ వాళ్ల కింది అరలో చేపల శాంపిళ్ల పక్కన చోటిచ్చారు.

కొలకలూరు_బాతు

అక్కా, నాన్న ఒక మాట అడగమన్నారు. కోడికి బాతు కాలు తెచ్చారు కదా, మరి బాతుకి కోడి కాలు తేవచ్చా?

పొదుగుపెట్టె

తమ్ముడూ, నాగిన్ బదులు బీఎంపీ పూస పెడితే బాతు పొర కూడా చస్తుంది. నేను చూడలేదు కానీ చూడాలని ఉంది. బాతు పిల్ల 28 రోజులకు కదా పొదిగేది, దశలన్నీ వెనక్కి జరుపుకోవాలి. మగబాతులతో కలిసి తిరిగే మంద గుడ్లు కావాలి, షాపులో గుడ్లు పనికిరావు.

కొలకలూరు_బాతు

మా మందలో మగవి ఉన్నాయక్కా. శనివారం పొద్దున తెనాలి నుంచి గుంటూరు రైలుకి వస్తాను, గంపలో ఊక పోసి పాతిక తెస్తా. డబ్బులు వద్దన్నారు నాన్న, కాలు ఫొటో ఒకటి చాలట.